ఒకే జాతీయ భాషా, పలు అధికార భాషలా: ఏది మేలు?

కొత్త దేశానికి ఒక్క భాష చాలా, నాలుగు కావాలా అనే వాదన వచ్చినప్పుడల్లా నాకు పాకిస్తాన్, ఇండోనేషియా గుర్తొస్తాయి. రెండూ ఒక్క భాషనే పట్టుకున్నాయి. ఆ భాష రెండు చోట్లా కొద్దిమంది మాతృభాషే. ఫలితాలకు మాత్రం పొంతనే లేదు.

ఇప్పటి బంగ్లాదేశ్ కూడా కలిసి ఉన్న అప్పటి పాకిస్తాన్ జనంలో సగానికి పైగా బెంగాలీలే. అయినా 1948 మార్చిలో జిన్నా ఢాకాకు వచ్చి, దేశ భాష ఉర్దూ ఒక్కటేనని తేల్చేశారు. అప్పటికే స్టాంపుల మీద, మనీ ఆర్డర్ ఫారాల మీద ఉర్దూ, ఇంగ్లీషు ఉన్నాయి, బెంగాలీ లేదు. చూడ్డానికి చిన్న విషయమే. కానీ బెంగాలీలో చక్కగా చదవడం, రాయడం వచ్చిన మనిషి, కొత్తగా వచ్చిన తన సొంత దేశపు పోస్టాఫీసులో ఫారం నింపడానికి ఇంకొకర్ని బతిమాలాలి! ఇక ఉద్యోగాల టెన్షన్ సరేసరి. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో విద్యార్థుల మీద కాల్పులు జరిగాయి. 1956 రాజ్యాంగం బెంగాలీకీ హోదా ఇచ్చింది. 1971లో దేశం విడిపోవడానికి భాష ఒక్కటే కారణం కాదు గానీ, తొలి పగులు అక్కడే పడింది.

ఇండోనేషియాలో ఎక్కువమందిది జావా భాష. 1928లో యువజన సభ మాత్రం మలయ్‌ని ఎంచుకుని, దానికి ఇండోనేషియా భాష అని పేరు పెట్టింది. జావా భాషలో 'తినడం' అనాలంటే ఎవరి గురించి, ఎవరితో అంటున్నామో చూసుకోవాలి: మంగన్, నెధ, ధహర్ అని మాట మారిపోతుంది. మలయ్‌లో మామూలుగా మకాన్ అంటే సరిపోతుంది. పైగా అది అప్పటికే రేవుల్లో, సంతల్లో నలిగిన భాష. స్వాతంత్ర్యానికి ముందే జనం నుంచి వచ్చింది, పైనుంచి దిగిన ఆర్డరు కాదు. నా లెక్కలో తేడా అంతా ఇక్కడే ఉంది.

ఇలా కుదిరే భాష దొరక్కపోతే సింగపూర్ దారే నయం. మలయ్, మాండరిన్, తమిళం, ఇంగ్లీషు, నాలుగూ అధికార భాషలే. పని నడిచేది ఇంగ్లీషులో. దానికీ ఖర్చుంది: 1979లో మాండరిన్ ప్రచారం మొదలయ్యాక అక్కడి చైనీయులు మాట్లాడే హొక్కియన్ లాంటి ఇంటి భాషలు వెనకబడ్డాయి. జాతీయ గీతం మాత్రం మలయ్‌లోనే. సైన్యంలో కవాతు ఆదేశాలూ అందులోనే. 'సెదియా' అని కేక వినపడగానే, ఇంట్లో తమిళం మాట్లాడే కుర్రాడూ మాండరిన్ మాట్లాడే కుర్రాడూ ఒక్కసారే నిటారుగా నిలబడతారు.