మా ల్యాబ్‌లో ఏడాదిగా వాడుతున్న జైమో బైసల్ఫైట్ కిట్

పీహెచ్‌డీ పని కోసం జైమో రీసెర్చ్ వాళ్ల ఈజెడ్ డీఎన్ఏ మిథైలేషన్ గోల్డ్ కిట్ ఏడాదిగా వాడుతున్నాను. డీఎన్ఏలో మిథైల్ గుర్తులు (సైటోసిన్, అంటే సీ అక్షరానికి అతుక్కునే చిన్న రసాయన గుర్తులు) ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి బైసల్ఫైట్ అనే రసాయనంతో డీఎన్ఏని మార్చే కిట్ ఇది. 50 రియాక్షన్ల పెట్టె, ఇప్పుడు మూడోది నడుస్తోంది.

నా పనంతా డీఎన్ఎంటీ1 అనే ఎంజైమ్ చుట్టూనే. కణం డీఎన్ఏని కాపీ చేసుకున్నప్పుడు పాత పోగు మీద మిథైల్ గుర్తులు ఉంటాయి, కొత్త పోగు ఖాళీగా వస్తుంది. అలా ఒక వైపే గుర్తున్న చోటుని యూహెచ్ఆర్ఎఫ్1 ప్రోటీన్ పట్టుకుని డీఎన్ఎంటీ1ని రప్పిస్తుంది. అది కొత్త పోగులోని సైటోసిన్‌కి మిథైల్ తగిలిస్తుంది. చదువుకున్న ఈ సంగతిని కళ్లారా చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

ఆర్‌కేవో అనే పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో ఎంఎల్‌హెచ్1 జీన్ ప్రమోటర్ (జీన్‌ని ఆన్ చేసే ముందు భాగం) నిండా మిథైలేషనే. వాటికి మూడు రోజులు డెసిటబీన్ ఇచ్చాను, నీళ్లలో త్వరగా పాడైపోతుంది కాబట్టి రోజూ కొత్తగా కలిపి. ఈ మందు కొత్త పోగులో చేరి డీఎన్ఎంటీ1ని అక్కడే కట్టిపడేస్తుంది. ఇక కణం విడిపోయినప్పుడల్లా గుర్తులు పలచబడాల్సిందే.

అంతకుముందు వేరే కంపెనీ కిట్‌తో రాత్రంతా ఉంచినా కన్వర్షన్, అంటే బైసల్ఫైట్‌తో సైటోసిన్ మారడం, సగమే అయ్యేది. రెండు నెలల శాంపిల్స్ పోయాయి, చాలా ఏడ్చాను. ఈ జైమో కిట్‌లో 500 నానోగ్రాముల డీఎన్ఏ పెట్టి, 98 డిగ్రీల్లో 10 నిమిషాలు, 64 డిగ్రీల్లో రెండున్నర గంటలు ఉంచితే చాలు. మిథైల్ లేని సైటోసిన్ యురాసిల్‌గా మారి, పీసీఆర్ తర్వాత టీగా కనిపిస్తుంది. మిథైల్ ఉన్నది సీగానే ఉంటుంది.

సీక్వెన్స్ ఫైలు తెరిచిన సాయంత్రం మర్చిపోలేను. మందు ఇవ్వని కణాల్లో సీపీజీ (సీ పక్కనే జీ, మిథైల్ గుర్తు పడే చోటు) ఉన్న ప్రతిచోటా సీని చూపే నీలం పీక్ నిటారుగా ఉంది. మందు ఇచ్చినవాటిలో అదే నీలం పీక్ కుంగిపోయి, దాని కిందనుంచి ఎర్రటి టీ పీక్ లేచింది. మిగతా సైటోసిన్లన్నీ శుభ్రంగా టీలే, అంటే కన్వర్షన్ పూర్తిగా అయింది.

కొత్తగా కొనేవాళ్లకి: వాష్ బఫర్‌లో ఇథనాల్ కలపడం మర్చిపోకండి. చివర్లో వచ్చేది ఒంటిపోగు డీఎన్ఏ, అందుకని డీఎన్ఏ ఎంతుందో కొలిచే నానోడ్రాప్ యంత్రంలో ఆర్ఎన్ఏ సెట్టింగ్ పెట్టి చూడండి. హైడ్రాక్సీమిథైల్‌ని (మిథైల్ గుర్తుకి మారిన రూపం, మెదడులో ఎక్కువ) ఏ బైసల్ఫైట్ కిట్టూ విడిగా చూపించదు, మెదడు కణజాలంతో పనిచేసేవాళ్లు వేరే పద్ధతి చూసుకోవాలి.

మందు తీసేసిన ప్లేటుని ఇంకా పెంచుతున్నా, నీలం పీక్‌లు తిరిగి లేస్తాయా అని. నాలుగో పెట్టెకి ఇండెంట్ పెట్టేశాను.