మాడిన స్టీలు గిన్నెకు వంటసోడా ఎంతవరకు పనిచేస్తుంది?

విజయవాడ వన్‌టౌన్ కిరాణా కొట్లలో దొరికే మామూలు వంటసోడా పాలు, పప్పు మాడిన స్టీలు గిన్నెకు చాలా బాగా పనిచేస్తుంది. మాడు మునిగేలా నీళ్లు పోసి, లీటరుకు రెండు పెద్ద చెంచాల సోడా వేసి, సన్నటి సెగమీద పది నిమిషాలు మరిగించండి. నురగ పొంగుతుంది, గిన్నె సగానికి మించి నింపొద్దు. మరుగుతుండగానే చెక్క గరిటెతో గీకితే మాడు పొరలుగా లేస్తుంది. మిగిలింది చల్లారాక పీచుతో తోమాలి. నిమ్మరసం కలిపితే రెండూ ఒకదాన్నొకటి విరిచేసి పదును పోతుంది. అల్యూమినియం గిన్నెకు మాత్రం వద్దే వద్దు, నల్లబడుతుంది. దానికి చింతపండు నీళ్లు మరిగించడమే మేలు. కళాయి బయట ముదిరిన నూనె జిడ్డుకు సోడా చాలదు.