జాగ్రత్త: మబ్బు పట్టిన రోజు వాటర్ పార్కు టికెట్ కొనేముందు ఇది చదవండి

సెలవులకు పిల్లల్ని తీసుకుని విజయవాడ చుట్టుపక్కల వాటర్ పార్కులకు వెళ్దామనుకునేవాళ్ళు, డబ్బులు కట్టే ముందు కౌంటర్లో ఒక్క మాట అడగండి: "ఇప్పుడు, ఈ నిమిషానికి, ఏ రైడ్లు నడుస్తున్నాయి?" మేం టికెట్లు కొనేటప్పటికే లోపల పెద్ద రైడ్లన్నీ ఆపేసి ఉన్నాయి. ఆ సంగతి అమ్మేవాళ్ళకి తెలుసు. తెలిసీ పూర్తి రేటు తీసుకుని లోపలికి పంపారు.

పార్కు పేరు రాయడం లేదు. ఫిర్యాదు పెట్టాం, అది ఇంకా నడుస్తోంది. మీరు ఏ పార్కుకి వెళ్ళినా పనికొస్తుందని ఈ వివరాలు రాస్తున్నాను.

మేం ఉండేది గుంటూరులో. దసరా సెలవులకి మా ఆడపడుచు వాళ్ళు పిల్లలతో రాజమండ్రి నుంచి వచ్చారు. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనం అయ్యాక, మర్నాడు పిల్లల సరదా కోసం పార్కు అనుకున్నాం. ఇంట్లో బయల్దేరేటప్పుడు ఎండ కాస్తోంది. వారధి దాటేసరికి మబ్బు పట్టింది, గేటు దగ్గర కారు దిగేసరికి చినుకులు మొదలయ్యాయి. అందుకే మావారు ముందే అడిగారు, "వాన వచ్చేలా ఉంది, రైడ్లు ఉంటాయా?" అని. "అన్నీ ఉంటాయి సార్, చినుకులకేం కాదు" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. పెద్దవాళ్ళకి 900, పిల్లలకి 700. చేతికి కాగితం బ్యాండ్లు చుట్టారు. బ్యాండ్ పడ్డాక ఇక వెనక్కి తీసుకోరట. ఆ మాట మాత్రం డబ్బు కట్టాక చెప్పారు.

లోపలికి వెళ్తూనే ఖర్చులు మొదలు. నూలు బట్టలతో నీళ్ళలోకి దిగనివ్వరు కాబట్టి నైలాన్ డ్రస్సులు అద్దెకి తీసుకోవాలి. లాకరుకి అద్దె, దాని తాళానికి డిపాజిట్. మా అత్తయ్య తెల్లవారుజామునే లేచి కలిపిన పులిహోర డబ్బా గేటు దగ్గరే పెట్టించేశారు, బయటి తిండి తేకూడదని. బయటి తిండి వద్దనడం చాలా చోట్ల ఉన్నదే. కానీ ఆ డబ్బాకి ఒక టోకెన్ ఇచ్చి నీడన పెట్టొచ్చు కదా! గేటు పక్కన బెంచీ మీద వదిలేశారు. సాయంత్రానికి నీళ్ళు చేరి అంతా పారబోయాల్సి వచ్చింది.

తీరా బట్టలు మార్చుకుని వెళ్తే వేవ్ పూల్ చుట్టూ తాడు కట్టి ఉంది. పెద్ద స్లైడ్ల మెట్లకి గొలుసు వేసి ఉంది. అక్కడున్న కుర్రాణ్ణి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు: "పదకొండింటికే ఆపేయమన్నారక్కా, ఉరుములొస్తున్నాయని." మా టికెట్ మీద అచ్చయిన టైము 11:52. ఆ కుర్రాడు నిజం చెప్పాడు కాబట్టే మాకు అసలు సంగతి తెలిసింది. ఆ అబ్బాయి మీద మాకు ఏ కోపమూ లేదు.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఉరుములు వస్తున్నప్పుడు నీళ్ళలోంచి జనాన్ని బయటికి పంపడం సరైన పనే. పిడుగు పడితే నీళ్ళలో ఉన్నవాళ్ళకీ, ఎత్తైన ఇనుప మెట్ల మీద ఉన్నవాళ్ళకీ ప్రమాదం చాలా ఎక్కువ. ఉరుము వినిపించిందంటే పిడుగు మన మీద పడేంత దగ్గరలో ఉన్నట్టే. ఆఖరి ఉరుము విన్న తర్వాత కూడా 30 నిమిషాలు ఆగాలి. ఆపినందుకు వాళ్ళని తప్పు పట్టడం లేదు. ఆపేసిన సంగతి దాచి, అన్నీ ఉన్నాయని చెప్పి అమ్మినందుకు అడుగుతున్నాం.

పైగా ఆ భద్రత రైడ్ల దగ్గరే ఆగిపోయింది. వాన గట్టిగా పట్టుకున్నాక వందల మందిని ఒక రేకుల షెడ్డు కిందకి తోలారు. నాలుగు వైపులా గోడల్లేవు, అన్నీ ఇనుప స్తంభాలే. పిడుగులు పడేటప్పుడు అలాంటి షెడ్డు రక్షణ కాదు. గోడలున్న పక్కా భవనం కావాలి, లేదా అద్దాలు ఎత్తిన కారు. పార్కులో ఫుడ్ కోర్టు భవనం ఉంది. అందులోకి మాత్రం కూపన్ కొన్నవాళ్ళనే రానిచ్చారు.

నన్ను ఇప్పటికీ భయపెడుతున్నది ఇంకొకటి. షెడ్డు పక్కనే జ్యూస్ బండి. దాని మిక్సీకి కరెంటు వైరు నేల మీదుగా లాగారు. మధ్యలో వైరు అతుకు, దాని మీద నల్ల టేపు చుట్టి ఉంది. ఆ టేపు ఒక పక్క ఊడి, కొస వాన నీళ్ళలో తేలుతోంది. పిల్లలు వట్టి కాళ్ళతో ఆ నీళ్ళలోనే చిందులేస్తున్నారు. మా ఆడపడుచు చూసి కేకేసి పిల్లల్ని లాక్కొచ్చింది. బండివాణ్ణి అడిగితే "రోజూ ఇలాగే ఉంటుందమ్మా, ఏం కాదు" అన్నాడు. మా అన్నయ్య గారు, అంటే ఆడపడుచు భర్త, గొడవ పడితే గానీ మెయిన్ ఆపలేదు. పార్కులో తడి నేల మీద ఎక్కడ వైరు కనబడినా పిల్లల్ని అటు పోనివ్వకండి, దయచేసి.

డబ్బు వాపసు అడిగితే మేనేజరు దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు, "టికెట్ వెనకాల రాసి ఉంది మేడమ్." తిప్పి చూస్తే, ఎట్టి పరిస్థితిలోనూ డబ్బు తిరిగి ఇవ్వబడదు అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. చివరికి దయ తలచినట్టు, వారం లోపల సెలవు కాని రోజున మళ్ళీ రండి, ఇదే బ్యాండు చూపించండి అన్నారు. రాజమండ్రి నుంచి వచ్చినవాళ్ళు బడి రోజున ఎలా వస్తారు?

టికెట్ వెనకాల రాసుకున్నంత మాత్రాన అది చట్టం అయిపోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవాలోపం అంటే ఏమిటో చెప్పే చోటే, కొనేవాడికి అవసరమైన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా లోపమేనని రాసి ఉంది. మాకు జరిగింది సరిగ్గా అదే. ముందు 1915కి ఫోన్ చేశాం. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. ఫిర్యాదు నంబరు ఇచ్చి కంపెనీకి పంపారు, అటు నుంచి జవాబు ఇంకా రాలేదు. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. మనం కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఘటన జరిగి రెండేళ్ళ లోపు వేయొచ్చు. పార్కు ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. గుంటూరు నుంచి తిరగాల్సిన పని లేదని తెలిశాక మావారికి సగం టెన్షన్ తగ్గింది.

మా చేతిలో బలం ఏమిటంటే టైము అచ్చయిన టికెట్టు, తాడు కట్టిన పూల్ ఫోటో, డబ్బు కట్టిన ఫోన్‌పే రసీదు. కాబట్టి మీరు కూడా నగదు ఇవ్వకుండా ఫోన్లోనే కట్టండి. బ్యాండ్ చేతికి చుట్టకముందే, వాన వల్ల రైడ్లు ఆగితే డబ్బు ఇస్తారా, వేరే తేదీ ఇస్తారా, ఆ తేదీ ఎన్నాళ్ళు చెల్లుతుంది అని అడిగి, టికెట్ మీదే రాసి సంతకం పెట్టమనండి. రాయనంటే అక్కడి నుంచే వెనక్కి తిరగండి. పిల్లలు కాసేపు ఏడుస్తారు, ఫర్వాలేదు. ఆన్‌లైన్లో వారం ముందే కొనకండి. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిందంటే ఎండ కాసిన పూటే వాన దంచుతుంది. ఫోన్లో దామిని యాప్ పెట్టుకోండి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ చేసింది, మనం ఉన్న చోటికి 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుతుంటే చూపిస్తుంది.

మరి పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలి అంటారా, మర్నాడు కూడా ముసురే. బందరు రోడ్డులో బాపు మ్యూజియంకి తీసుకెళ్ళాం, హాయిగా గడిచింది. ఉండవల్లి గుహలు కూడా బాగుంటాయి, కొండను తొలిచిన నాలుగంతస్తులు, లోపల పడుకున్న అనంత పద్మనాభస్వామి. మెట్లు మాత్రం తడిస్తే జారతాయి, పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకోండి. భవానీ ద్వీపం అనుకుంటే ఫోన్ చేసి వెళ్ళండి, ప్రకాశం బ్యారేజీకి వరద ఎక్కువగా ఉన్నప్పుడు బోట్లు ఆపేస్తారు.

ఈ దసరా సెలవుల్లో ఇలాగే రైడ్లు ఆపేశాక టికెట్ కొని మోసపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే మీ టికెట్లు, బ్యాండ్లు పారేయకండి. టికెట్ మీద టైము చూసుకుని, మీరూ 1915కి ఫిర్యాదు పెట్టండి. ఒకే చోటి మీద పది ఫిర్యాదులు వెళ్తే జవాబు త్వరగా వస్తుంది.