స్లీవ్ ఆపరేషన్ తరువాత ద్రవాహారం: నేను కొన్న డబ్బాలు, మా ఇంట్లో కాచిన పెసరకట్టు

బరువు తగ్గడానికి స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ చేయించుకున్న తరువాత ద్రవాహారం మీద గడిపిన రెండు వారాల్లో నేను రెండు రకాల ప్రొటీన్ పొడులు, ఒక పోషకాహార పానీయం, కొన్ని సూపు ప్యాకెట్లు వాడాను. ఇంట్లో కాచినవి కూడా తాగాను. ఇదే ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారికి కొనుగోళ్లలో ఉపయోగపడుతుందని నా అనుభవం రాస్తున్నాను. నచ్చనివాటి పేర్లు చెప్పను. అటువంటివే దుకాణాల్లో అనేకం ఉంటాయి కనుక, డబ్బా వెనుక ఏమి చదవాలో తెలిస్తే చాలు.

ఈ శస్త్రచికిత్సలో జీర్ణాశయంలో సుమారు 75 నుంచి 80 శాతం భాగాన్ని తొలగించి, మిగిలినదాన్ని అరటికాయ ఆకారంలో సన్నని గొట్టంలా ఉంచి, కోసిన అంచును స్టేపుల్స్‌తో మూస్తారు. ఆ అంచు మానేవరకు దానిమీద ఒత్తిడి పడకూడదు కాబట్టి గట్టి పదార్థం ఏదీ లోపలికి వెళ్లకూడదు. మందు సీసాతో వచ్చే చిన్న కప్పుతో, పావుగంటకు 30 మిల్లీలీటర్ల చొప్పున, చప్పరిస్తూ తాగమని నాకు చెప్పారు. ఆ లెక్కన మెలకువగా ఉండే 14 గంటల్లో ఒక్క విడతా తప్పకుండా తాగినా 1,680 మిల్లీలీటర్లే అవుతుంది. రోజుకు కనీసం లీటరున్నర ద్రవం, 60 గ్రాములకు తగ్గని ప్రొటీన్ ఈ కొలతలోనే ఇమడాలి. అందువల్ల నేను ప్రతి పదార్థాన్నీ చూసింది ఒకే కొలమానంతో: ఒక కప్పులో ప్రొటీన్ ఎంత?

ఆసుపత్రిలో చేతికిచ్చిన పట్టికలో ఈ కొలమానమే లేదు. కొబ్బరి నీళ్లు, మజ్జిగ, పప్పు నీళ్లు, జావ అని వరుసగా రాశారే గానీ, వీటన్నిటితో రోజు గడిపినా ప్రొటీన్ లక్ష్యంలో సగమైనా చేరుకోలేమని ఎక్కడా రాయలేదు. డైటీషియన్‌ను పట్టుబట్టి అడిగితేనే పాల విరుగుడు ప్రొటీన్ సంగతి, అంటే వే పొడి సంగతి, బయటికి వచ్చింది.

వే పొడిలో కాన్సంట్రేట్, ఐసొలేట్ అని రెండు రకాలున్నాయి. నేను మొదట కొన్నది చాక్లెట్ రుచి గల కాన్సంట్రేట్. ఇందులో పాల చక్కెర అయిన లాక్టోజ్ కొంత మిగిలి ఉంటుంది. ఆపరేషన్ తరువాత కొందరికి అది పడదు, నాకూ పడలేదు. కడుపు ఉబ్బరంతో రెండు రాత్రులు నిద్ర లేదు. తరువాత తెప్పించుకున్న రుచి కలపని ఐసొలేట్‌లో లాక్టోజ్ నామమాత్రం; 30 గ్రాముల పొడికి 26 గ్రాముల ప్రొటీన్ వచ్చింది. ధర ఎక్కువే, అయినా నా ఓటు దీనికే. అయితే పొగలు కక్కే సూపులో వేస్తే ఇది విరిగి ఉండలు కడుతుంది. గోరువెచ్చగా అయ్యాకే కలపాలి. షేకర్‌లో గిలకొట్టినప్పుడు వచ్చే నురగ కడుపులోకి గాలిని తీసుకుపోతుంది కాబట్టి చెంచాతో నెమ్మదిగా కలుపుకోవడం మేలు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత ప్రొటీన్ తీసుకోవాలో వైద్యుడినే అడగాలి.

పోషకాహార పానీయం డబ్బా మీద ప్రొటీన్ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంది. మన దేశంలో లేబుల్ మీద పదార్థాలను బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. ఆ వరుసలో ముందున్నవి మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండిపదార్థం నుంచి తయారుచేసే, త్వరగా చక్కెరగా మారే పొడి), చక్కెర. గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే జీర్ణాశయంలో చిన్న సంచిని మిగిల్చి దాన్ని నేరుగా పేగుకు కలిపే ఆపరేషన్, చేయించుకున్నవారికి ఇటువంటి తీపి మరింత ప్రమాదం. చక్కెర పేగులోకి ఒక్కసారిగా దిగి చెమటలు, గుండెదడ, విరేచనాలు తెప్పిస్తుంది. సూపు ప్యాకెట్ల సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు: ఎండు కూరగాయ ముక్కలు వడకట్టి పారేశాక మిగిలింది మొక్కజొన్న పిండి కలిసిన ఉప్పునీరు.

ఇంటి వంటల్లో నన్ను నిలబెట్టింది పెసరకట్టు. పెసరపప్పు మెత్తగా ఉడికించి, పలుచన చేసి, పలుచటి గుడ్డలో వడకట్టి, చిటికెడు ఉప్పు, ఇంగువ వేస్తే చాలు. మిరపకాయ, తాలింపు గింజలు వద్దు. ప్రొటీన్‌లో ఎక్కువ భాగం గుడ్డలోని పిప్పిలోనే ఉండిపోతుంది కనుక వే పొడి కలపక తప్పదు, కానీ అన్నం వాసనకైనా దూరమైన నాలుకకు భోజనం చేసిన తృప్తినిచ్చింది ఇదొక్కటే. కోడి ఎముకల సూపును చల్లార్చి, పైన పేరుకున్న కొవ్వు తీసి తాగాను. రుచి బాగుంది, కానీ ఎముకల నుంచి దిగే జెలటిన్‌లో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం ఉండదు కాబట్టి దాన్నే ప్రొటీన్‌గా లెక్కవేసుకోకూడదు. కొబ్బరి నీళ్లు, మజ్జిగ తేట దాహానికే. రాగి జావను మా అత్తగారు రోజూ గుర్తుచేసేవారు. చిక్కగా ఉంటుంది, పైగా చాలావరకు పిండిపదార్థమే అని మెత్తటి ఆహారం మొదలయ్యేదాకా వాయిదా వేయించాను.

చివరిగా ఒక జాగ్రత్త. ఆపరేషన్ తరువాత నాలుక మారిపోతుంది. ముందు రుచి చూసి నచ్చిందని కిలో డబ్బా కొన్న చాక్లెట్ పొడి తరువాత వాసనకే వికారం తెప్పించింది. ఒక్కసారికి సరిపడే చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి. వాటితో పరీక్షించి, ఆ తరువాతే డబ్బా కొనండి. నా కిలో డబ్బాను జిమ్‌కు వెళ్లే మా తమ్ముడు పట్టుకుపోయాడు.