"డైరెక్ట్ సోల్డరబుల్" అని అమ్ముతున్న ఎనామిల్ రాగి తీగతో జాగ్రత్త

కాయిల్స్ చుట్టుకునేవాళ్ళు, ఫెర్రైట్ రాడ్ రేడియోలు కట్టుకునేవాళ్ళు, ఫైనలియర్ ప్రాజెక్టుకి వైర్‌లెస్ చార్జింగ్ అంటూ ఆన్‌లైన్‌లో తీగ వెతుకుతున్న పిల్లలు, కొనే ముందు ఒకసారి ఇది చదవండి. "100% కాపర్, 25 ఎస్‌డబ్ల్యూజీ (తీగ మందం చెప్పే బ్రిటిష్ గేజు), డైరెక్ట్ సోల్డరబుల్", అంటే ఎనామిల్ పూత గీకకుండానే సోల్డర్ పట్టే తీగ అని పెట్టి, హైదరాబాద్ కోటిలోని గుజరాతీ గల్లీ ధర కంటే బాగా తక్కువకి ఇస్తున్నారని రెండు రీళ్ళు తెప్పించాను. అమ్మినవాడు ఒకడే, పార్సిలూ ఒకటే. ఒక రీలు తీగకి సోల్డర్ పట్టదు. రెండోది అసలు రాగే కాదు. డబ్బు సంగతి అలా ఉంచండి. సోల్డర్ పట్టడం లేదంటే వాళ్ళు ఇస్తున్న సలహా మన ఊపిరితిత్తులకి చేటు చేసేది. ఇంత పొడుగ్గా రాస్తున్నది దాని గురించే.

మొదటి రీలు సంగతి. సోల్డరింగ్ ఐరన్ 350 డిగ్రీల దగ్గర పెట్టి తీగ కొసకి సోల్డర్ అందిస్తే, బొట్టు నిలవకుండా జారిపోయింది. 390కి పెంచినా అదే వరస. పూత కాస్త నల్లబడిందే తప్ప ఊడి రాలేదు. ఫొటో పంపి అడిగితే చాట్‌లో వచ్చిన జవాబు: "సార్, మీ ఐరన్ వీక్. 450 పెట్టి ఒక నిమిషం పట్టుకోండి. లేదంటే లైటర్‌తో కాల్చేయండి."

రాణీగంజ్‌లో మోటార్లు వైండింగ్ చేసే ఒకాయనకి ముక్క చూపించాను. బ్లేడుతో ఒక గీత గీసి, "ఇది ఫ్యాన్‌కి వేసే వైరు కదన్నా, దీనికి ఊరికే ఎట్ల పడ్తది?" అన్నాడు. అసలు విషయం అదే. రాగి తీగ మీద వేసే పూతలన్నీ ఒకటి కావు. పాలీయురేథేన్ పూత అయితే ఐరన్ వేడికే విడిపోయి, కింద రాగికి సోల్డర్ అంటుకుంటుంది. క్లాస్ అంటే వాడకంలో ఆ పూత ఎన్ని డిగ్రీల వేడిని చాలాకాలం తట్టుకుంటుందో చెప్పే అంకె. క్లాస్ 155 పాలీయురేథేన్ తీగకి అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60317-20. దాన్ని 390 డిగ్రీల కరిగిన సోల్డర్‌లో ముంచి, కొద్ది సెకన్లలో పడుతుందా లేదా అని పరీక్షిస్తారు. మోటార్లకి, ఫ్యాన్లకి వాడే క్లాస్ 200 తీగ వేరు. కింద పాలిస్టర్ ఇమైడ్, పైన పాలీఅమైడ్ ఇమైడ్, రెండు పొరలు. అది 60317-13 కిందికి వస్తుంది. వేడికి చెక్కు చెదరకుండా ఉండటమే దాని గొప్పతనం, కాబట్టి ఐరన్‌కి లొంగదు. మన దేశంలో ఈ రకాలన్నిటికీ ఐఎస్ 13730 అనే ప్రమాణాల వరస ఉంది. నాకొచ్చిన తీగలో లోపం లేదు నిజానికి. మంచి మోటారు తీగే. దాన్ని సోల్డరబుల్ అని అమ్మడమే మోసం.

ఆ సలహా విని ఎవరైనా 450 దగ్గర నిమిషం పాటు పట్టుకుంటే ఏమవుతుంది? బోర్డు మీద ప్యాడ్ లేచిపోతుంది, కాయిల్ చుట్టిన బాబిన్ ప్లాస్టిక్ మెత్తబడుతుంది, ఐరన్ బిట్ నల్లబడి సోల్డర్ పట్టడం మానేస్తుంది. ఆ నిమిషమంతా కాలుతున్న పూత పొగ సరిగ్గా ముక్కు కింద నుంచి లేస్తుంది. లైటర్‌తో కాలిస్తే పొగకి తోడు రాగి మీద నల్లటి ఆక్సైడ్ పేరుకుంటుంది. అప్పుడు మళ్ళీ గీకక తప్పదు. సన్న తీగయితే పెళుసెక్కి విరిగిపోతుంది కూడా.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. సోల్డర్ చక్కగా పట్టే తీగతోనే పొగ విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. పాలీయురేథేన్ వేడికి విడిపోయేటప్పుడు ఐసోసైనేట్లు అనే రసాయనాలు పొగలో వస్తాయి. ఇవి గొంతు మంట పుట్టించి ఊరుకునేవి కావు. కొందరి శరీరం వీటికి ఒకసారి ఎదురుతిరగడం మొదలుపెడితే, ఆ తర్వాత చాలా కొద్ది మోతాదుకే ఆయాసం వస్తుంది. పనిచేసే చోట వచ్చే ఆస్తమాకి కారణాలుగా బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ హెచ్‌ఎస్‌ఈ చెప్పేవాటిలో ఐసోసైనేట్లూ ఉన్నాయి, సోల్డర్ బాగా అంటుకోవడానికి వాడే ఫ్లక్స్‌లోని రోజిన్ (పైన్ చెట్టు బంక) పొగా ఉంది. పాలీయురేథేన్ తీగ సోల్డర్ చేసేటప్పుడు ఈ రెండూ కలిసే వస్తాయి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే ఆ గదిలో ఈ పని పెట్టుకోకండి. గుడ్డ మాస్కు, ఎన్95 మాస్కు ఆవిరి రూపంలో ఉన్నవాటిని ఆపవు. పాత కంప్యూటర్ 12 వోల్టుల ఫ్యాన్ ఒకటి తీసుకుని, గాలి బయటికి లాగేలా కిటికీకి బిగించి, దాని పక్కనే పని చేసుకోండి. పొగని మొహం మీద నుంచి ఊదేసే టేబుల్ ఫ్యాన్‌తో పెద్ద లాభం లేదు, పొగ గదిలోనే తిరుగుతుంది.

ఇక రెండో రీలు. దీనికి సోల్డర్ పట్టింది, కాకపోతే కొస గీకనంత వరకే. అలవాటు కొద్దీ ఉప్పుకాగితంతో రుద్దితే ఎర్రరంగు పోయి తెల్లగా మెరిసింది. ఆ తెల్లటి చోట సోల్డర్ అస్సలు నిలవలేదు. లోపల అల్యూమినియం, పైన రాగి పొర. వన్ గ్రామ్ గోల్డ్ గాజులో బంగారం ఎంతో ఇందులో రాగీ అంతే. ఇలాంటి తీగలో రాగి ఘనపరిమాణంలో 10 నుంచి 15 శాతం ఉంటుంది. 10 శాతమే అనుకుంటే 25 ఎస్‌డబ్ల్యూజీ తీగ మీద ఆ పొర మందం 13 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). ఉప్పుకాగితం రెండుసార్లు ఆడిస్తే పోతుంది.

దీన్ని పట్టుకోవడానికి తూకం చాలు. 25 ఎస్‌డబ్ల్యూజీ అంటే 0.508 మి.మీ. అసలు రాగి అయితే 10 మీటర్లు 18 గ్రాముల పైచిలుకు తూగాలి. నాది 7 గ్రాముల దగ్గర ఆగింది. మల్టీమీటర్‌తో కూడా చూడొచ్చు. 10 మీటర్ల రాగికి 0.85 ఓమ్ రావాలి, దీనికి 1.3 దాటుతుంది. కానీ చవక మీటర్ల ప్రోబ్ తీగలకే అర ఓమ్ దాకా ఉంటుంది కాబట్టి, చిన్న డిజిటల్ కాటానే నమ్మండి. ఇలాంటి తీగని మీటర్ల లెక్కన అమ్మేవాళ్ళతోనే ఎక్కువ నష్టం. కిలోల లెక్కన అమ్మితే రాగి కంటే రెట్టింపు పైనే పొడవు ఇవ్వాల్సి వస్తుంది, అందుకే వాళ్ళు మీటర్లే చెబుతారు.

దీనికీ ఒక జవాబు వచ్చింది: "సార్, హై ఫ్రీక్వెన్సీలో కరెంటు పైపొరలోనే పోతుంది, మీకు తేడా ఉండదు." సగం చదువు ఇలాగే ఉంటుంది. కరెంటు పైపొరలోకి చేరడం నిజమే. కానీ మీడియం వేవ్ రేడియో నడిచే 1 మెగాహెర్ట్జ్ దగ్గర రాగిలో కరెంటు ముఖ్యంగా పారే లోతు 66 మైక్రాన్లు, వీళ్ళు పూసింది 13. మీడియం వేవ్ కాయిల్‌లో కరెంటులో ఎక్కువ భాగం అల్యూమినియంలోనే పోవాలి. పైగా నేను అడిగింది రాగి, కట్టింది రాగి ధర.

సరైన తీగ చేతికొస్తే పని కష్టం కాదు. పాలీయురేథేన్ తీగకి ఐరన్ 380-400 మధ్య పెట్టి, బిట్ మీద పెద్ద సోల్డర్ బొట్టు నిలిపి, తీగ కొసని కత్తిరించిన వైపు నుంచి మెల్లగా అందులోకి తోయాలి. పూత మొదట విడిపోయేది ఆ తెగిన అంచు దగ్గరే. నాలుగైదు సెకన్లలో వెండిరంగు పైకి పాకకపోతే ఆపేయండి, వేడి పెంచకండి. మామూలు 25 వాట్ల ఐరన్‌తో లావు తీగకి సమయం ఎక్కువ పడుతుంది, అది వేరే సంగతి. కొసకి ముందే సోల్డర్ పట్టించి, చల్లారాక మల్టీమీటర్‌తో రెండు కొసల మధ్య కనెక్షన్ చూసుకుని, అప్పుడే బోర్డు మీద పెట్టండి. కళ్ళద్దాలు పెట్టుకోండి. బొట్టు చిట్లుతుంది, కత్తిరించిన ముక్క ఎగురుతుంది. మామూలు సోల్డర్‌లో సీసం ఉంటుంది కాబట్టి చేతులు కడుక్కున్నాకే టీ.

మోటారు తీగే వచ్చిందా, గీకడం తప్ప దారి లేదు. 400 నంబరు ఉప్పుకాగితాన్ని మడిచి, తీగని మధ్యలో పెట్టి తిప్పుతూ లాగండి. బ్లేడు వాడితే గాటు పడిన చోటే తర్వాత విరుగుతుంది. గీకిన దుమ్ము ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. యూట్యూబ్‌లో కొందరు ఆస్పిరిన్ బిళ్ళ మీద తీగ పెట్టి ఐరన్‌తో కాలుస్తున్నారు. వచ్చే ఆమ్లపు పొగకి కళ్ళు, గొంతు రెండూ మండుతాయి. పైపుల పనికి వాడే యాసిడ్ ఫ్లక్స్ కూడా వద్దు. అతుకు పడినట్టే ఉంటుంది, కొన్ని నెలలకి పచ్చబడి తెగుతుంది.

కొనేటప్పుడు అమ్మినవాణ్ణి ఒక్కటే అడగండి: పూత ఏ రకం, ఏ క్లాస్? "కాపర్ కలర్ వైర్ సార్" అనే జవాబు వస్తే వదిలేయండి. గేజు పక్కన ఎస్‌డబ్ల్యూజీనా, అమెరికా గేజు ఏడబ్ల్యూజీనా అనేది కూడా చూడండి. 30 ఎస్‌డబ్ల్యూజీ 0.315 మి.మీ., 30 ఏడబ్ల్యూజీ 0.255 మి.మీ. మిల్లీమీటర్లలో రాయించుకుంటే గొడవ ఉండదు. దుకాణంలో అయితే జానెడు ముక్క అడిగి అక్కడే బ్లేడుతో గీసి రంగు చూడండి, ఎవరూ కాదనరు.

రెండో రీలు డబ్బు తూకం ఫొటోలు పెట్టాక వెనక్కి వచ్చింది. మొదటిదానికి "వాడిన వస్తువు" అని తిరస్కరించారు. చెప్పిన లక్షణాలు లేని సరుకుని వెనక్కి తీసుకోననడం 2020 ఈ-కామర్స్ నిబంధనలకి విరుద్ధం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెట్టాను, ఇంకా నడుస్తోంది. ఇదే రీళ్ళు మీ దగ్గరుంటే ప్రకటన స్క్రీన్‌షాట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి. నేను ఫిర్యాదు చేశాక వాళ్ళ పేజీలో "డైరెక్ట్ సోల్డరబుల్" అన్న మాట మాయమైంది, ధర మాత్రం అలాగే ఉంది.