లాహోర్ క్వాలిఫయర్ కోసం కొన్న యాప్ పాస్: క్రికెట్‌కి పూర్తి మార్కులు, యాప్‌కి సగమే

ఇది 2026 జనవరికి ముందు రాసింది. ఆ నెలలో నేపాల్‌లో మహిళల టీ20 ప్రపంచకప్ క్వాలిఫయర్, అంటే అర్హత టోర్నీ, ఉంది. పది జట్లు, నాలుగు బెర్తులు. దానికి పాస్ కొనుక్కోవాలా, దండగా అని మా అమ్మాయితో పాటు కోచింగ్‌కి వచ్చే పిల్లల అమ్మలు అడుగుతున్నారు. 2025 ఏప్రిల్‌లో లాహోర్‌లో జరిగిన మహిళల వన్డే ప్రపంచకప్ క్వాలిఫయర్ని డబ్బు కట్టి దాదాపు రోజూ చూసింది మా చుట్టుపక్కల మేమిద్దరమే, అందుకని కనిపించినప్పుడల్లా ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నా. యాప్ పేరు రాయడం లేదు. పేరు కంటే కొనేముందు ఏం చూసుకోవాలన్నదే ముఖ్యం.

మాది మధురవాడ. ఇంటి ముందు గదిలోనే నా టైలరింగ్ షాపు. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, లెగ్ స్పిన్ వేస్తుంది. ఏప్రిల్‌లో ఒంటిపూట బడులు కాబట్టి పన్నెండున్నరకి బడి వదిలితే ఒంటిగంటకల్లా ఇంట్లో ఉండేది. లాహోర్‌లో పగటి మ్యాచ్‌లు మన టైం ప్రకారం ఉదయం పదింటికి, డే నైట్ మ్యాచ్‌లు మధ్యాహ్నం రెండున్నరకి. పెళ్ళిళ్ల సీజన్, బ్లౌజుల పని తలకి మించి ఉంది, మిషన్ మీద దారపు రీళ్ల డబ్బాకి ఫోన్ ఆనించి పెట్టుకుని కుడుతూ చూసేదాన్ని. కొలతలకి వచ్చిన ఒకావిడ "ఏటమ్మా, ఇండియా లేని మ్యాచ్ కూడా చూస్తారేటి?" అని అడిగింది. ఆవిడ తప్పు లేదు. ఇండియా ఆతిథ్య జట్టు కాబట్టి క్వాలిఫయర్ ఆడాల్సిన పనే లేదు. ఆస్ట్రేలియా, ఇంగ్లండ్, దక్షిణాఫ్రికా, శ్రీలంక, న్యూజిలాండ్ ముందే వచ్చేశాయి. మిగిలిన రెండు చోట్ల కోసం పాకిస్తాన్, వెస్టిండీస్, బంగ్లాదేశ్, స్కాట్లాండ్, ఐర్లాండ్, థాయ్‌లాండ్ అని ఆరు జట్లు. ప్రతి జట్టూ మిగతా అయిదింటితో ఆడాలి, మొత్తం పదిహేను మ్యాచ్‌లు. సెమీస్ లేవు, ఫైనల్ లేదు, పట్టికలో పై రెండు జట్లు ప్రపంచకప్‌కి, మిగతావి ఇంటికి. అంతే.

ముందు యాప్ గురించి బాగున్నవి చెప్తా. పాస్ ఖరీదు తక్కువ, నెల మొత్తానికి ఒక ఫాల్స్ కుట్టి అంచు జిగ్‌జాగ్ చేస్తే వచ్చే డబ్బు లాంటిది. మా ఇంట్లో మధ్యాహ్నం పూట నెట్ అంతంత మాత్రం, అయినా క్వాలిటీ తగ్గించి పెట్టుకుంటే చాలావరకు ఆగకుండానే వచ్చింది. అయిపోయిన మ్యాచ్‌లు పూర్తిగా మళ్ళీ చూసుకోవచ్చు, ఇది మాకు బాగా పనికొచ్చింది, ఎందుకంటే బడిలో ఉన్నప్పుడు పోయిన ఓవర్లని మా అమ్మాయి రాత్రి అన్నం తింటూ చూసేది. వెనక్కి జరిపి జరిపి స్పిన్నర్ల మణికట్టు చూసేది.

ఇక బాగోలేనివి. యాప్ తెరవగానే క్వాలిఫయర్ కనిపించదు. క్రికెట్ అని నొక్కాలి, మరిన్ని అని నొక్కాలి, కిందికి వెళ్ళాలి, అక్కడ మహిళలు అని నొక్కాలి, అప్పుడు వస్తుంది. అదే టైంలో ఐపీఎల్ జరుగుతోంది, దాని గురించి నోటిఫికేషన్లు రోజుకి డజను వచ్చేవి, నేను పాస్ కొన్న టోర్నీ గురించి ఒక్కటి రాలేదు. ఒకేసారి రెండు మ్యాచ్‌లు నడుస్తుంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడానికి మళ్ళీ మొదటి నుంచి ఆ నాలుగు నొక్కుళ్ళూ నొక్కాలి. పైన రాసి ఉండే స్కోరు వీడియో కంటే ముందు పరిగెడుతుంది, బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టకముందే వికెట్ పడిపోయిందని రాసి ఉంటే ఇంకేం చూస్తాం. మా అమ్మాయి చివరికి స్కోరు కనిపించే చోట స్క్రీన్ మీద చిన్న కాగితం ముక్క అంటించింది. తెలుగు కామెంటరీ లేదు. అది లేనందుకు నాకు బాధ లేదు కానీ మా అత్తగారికి ఉంది, ఆవిడ పక్కన కూర్చుని "ఎవరు గెలుస్తున్నారే?" అని ఓవర్‌కి ఒకసారి అడిగేది.

ఇవన్నీ సర్దుకుపోవచ్చు. సర్దుకోలేనిది ఇంకోటుంది, దానికి క్రికెట్‌లోకి వెళ్ళాలి.

మొదటి రోజే, ఏప్రిల్ 9న, స్కాట్లాండ్ వెస్టిండీస్‌ని 11 పరుగులతో ఓడించింది. ఆ మ్యాచ్‌లో వెస్టిండీస్ కెప్టెన్ హేలీ మాథ్యూస్ ముందు నాలుగు వికెట్లు తీసింది, తర్వాత బ్యాటింగ్‌లో కండరాలు పట్టేసి స్ట్రెచర్ మీద బయటికి వెళ్ళింది, మళ్ళీ తిరిగొచ్చి సెంచరీ కొట్టింది, 114 నాటౌట్. అయినా ఓడిపోయారు. నేను జాకెట్ చేతులు తిరగేసి కుట్టేసి మళ్ళీ విప్పుకున్నది ఆ రోజే. మర్నాడు బంగ్లాదేశ్ థాయ్‌లాండ్ మీద 271 కొట్టింది, కెప్టెన్ నిగార్ సుల్తానా 101, షర్మిన్ అఖ్తర్ 94 నాటౌట్. థాయ్‌లాండ్ 93కే ఆలౌట్. ఫాహిమా ఖాతూన్‌కి అయిదు, జన్నతుల్ ఫెర్దూస్‌కి అయిదు, ఉన్న పది వికెట్లూ ఇద్దరే పంచుకున్నారు. ఫాహిమా లెగ్ స్పిన్నర్, ఇక మా ఇంట్లో ఆ రోజు వేరే మాట లేదు. ఐర్లాండ్ మీద అయితే బంగ్లాదేశ్ 94కే అయిదు వికెట్లు పోగొట్టుకుని కూడా 236 లక్ష్యాన్ని అందుకుంది, రీతూ మోని 67 నాటౌట్. స్కాట్లాండ్ కెప్టెన్ కాథ్రిన్ బ్రైస్ ఐర్లాండ్ మీద 131 నాటౌట్ కొట్టి కూడా ఓడిపోయిన పక్షాన నిలబడింది. ఇలాంటి మ్యాచ్‌లు ఇవి. పాకిస్తాన్ మాత్రం అయిదుకి అయిదూ గెలిచి మొదటి చోటు తీసేసుకుంది.

ఇప్పుడు ఏప్రిల్ 19, శనివారం, చివరి రోజు. పొద్దున మ్యాచ్‌లో బంగ్లాదేశ్ 178 మాత్రమే కొట్టి పాకిస్తాన్ చేతిలో ఏడు వికెట్లతో ఓడింది. వాళ్ళ పని వాళ్ళ చేతుల్లోంచి పోయింది. మధ్యాహ్నం గద్దాఫీ స్టేడియంలో వెస్టిండీస్, థాయ్‌లాండ్. థాయ్‌లాండ్ 166కి ఆలౌట్. వెస్టిండీస్ గెలుస్తుందని అందరికీ తెలుసు, ఎన్ని ఓవర్లలో గెలుస్తుందన్నదే ప్రశ్న. గెలిస్తే రెండు జట్లకీ ఆరేసి పాయింట్లు, అప్పుడు నెట్ రన్ రేట్ చూస్తారు.

ఇది కొత్తవాళ్ళకి అర్థం కావాలి కాబట్టి మా అమ్మాయి నాకు చెప్పినట్టే చెప్తా. టోర్నీ మొత్తం మీద మనం కొట్టిన పరుగులు, ఆడిన ఓవర్లతో భాగించాలి. ప్రత్యర్థులు మన మీద కొట్టిన పరుగులు, వాళ్ళ ఓవర్లతో భాగించాలి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేయాలి. ఒక మెలిక ఉంది, ఆలౌట్ అయితే ఎన్ని ఓవర్లు ఆడినా యాభై ఓవర్లూ ఆడినట్టే లెక్క. థాయ్‌లాండ్ 46.1 ఓవర్లకే ఆలౌట్ అయినా యాభై అనే వేసుకోవాలి. ఇదంతా వేసుకుంటే వెస్టిండీస్ 167ని 10.1 ఓవర్లలో కొట్టాలి. ఓవర్‌కి పదహారు పైన. అక్కడ ఇంకో కిటికీ కూడా తెరిచి ఉంది: స్కోరు సమం చేసి, అంటే 166 దగ్గర ఆగి, తర్వాత బంతికి సిక్స్ కొడితే 172 అవుతుంది కాబట్టి 11 ఓవర్ల దాకా సమయం ఉంటుంది.

ఇన్ని లెక్కలున్న మ్యాచ్‌లో యాప్ స్క్రీన్ మీద ఏం రాసి ఉందో తెలుసా? కావాల్సిన రన్ రేట్ 3.34. అది యాభై ఓవర్లకి లెక్క. ఆ సాయంత్రం ఆ అంకెతో ఎవరికీ పని లేదు. పాయింట్ల పట్టిక నొక్కితే ముందు రోజుది వచ్చింది, పొద్దున మ్యాచ్ కూడా కలపలేదు. మా అమ్మాయి లెక్కల నోటుబుక్కు వెనక పేజీలో టోర్నీ మొదటి నుంచీ ప్రతి జట్టు పరుగులూ ఓవర్లూ రాసి పెట్టుకుంది, బ్రేక్‌లో నేల మీద బోర్లా పడుకుని లెక్క వేసి "అమ్మా, పది ఓవర్ల ఒక్క బంతి, లేదా సిక్స్‌తో అయితే పదకొండు" అంది. నాకు నమ్మకం కలగలేదు. ఫోన్ క్యాలిక్యులేటర్‌తో మళ్ళీ వేయించా. అదే వచ్చింది. పదమూడేళ్ళ పిల్ల నోటుబుక్కులో ఉన్నది డబ్బు తీసుకున్న యాప్‌లో లేదంటే అది నాకు బాధే. ఈ టోర్నీని ఎవరో ఒకరు నిజంగా కూర్చుని చూస్తారని వాళ్ళు అనుకోలేదు, అందుకే పెట్టలేదు.

తర్వాత ఏం జరిగిందో చెప్పడానికి కూడా చేతులు వణుకుతాయి. హేలీ మాథ్యూస్ 29 బంతుల్లో 70. షినెల్ హెన్రీ 17 బంతుల్లో 48. నేను మిషన్ ఆపేశాను. మా అత్తగారు కూడా ప్రశ్నలు ఆపేసింది. అసాధ్యం అనుకున్నది దగ్గరికి వచ్చేసింది. పదో ఓవర్ అయిపోయింది, మొదటి గడువు దాటిపోయింది, ఇక రెండో కిటికీ ఒక్కటే మిగిలింది. స్కోరు 162. పదకొండో ఓవర్లో రెండు బంతులే ఉన్నాయి. "ఫోర్ కొట్టాలి అమ్మా, ఫోర్ కొట్టి ఆ తర్వాత సిక్స్ కొట్టాలి, ఇప్పుడు సిక్స్ కొట్టకూడదు!" అని మా అమ్మాయి అరుస్తోంది. అప్పుడు స్క్రీన్ మీద చక్రం తిరగడం మొదలైంది. పదకొండు రోజులు పెద్దగా ఆగనిది అప్పుడే ఆగాలా? యాప్ మూసి తెరిచి, మరిన్ని నొక్కి, మహిళలు నొక్కి లోపలికి వెళ్ళేసరికి అయిపోయింది. స్టెఫానీ టేలర్ సిక్స్ కొట్టింది. 10.5 ఓవర్లలో 168, మ్యాచ్ అక్కడే అయిపోయింది కాబట్టి ఇక 172కి దారి లేదు. మ్యాచ్ గెలిచారు, ప్రపంచకప్ పోయింది. నెట్ రన్ రేట్ బంగ్లాదేశ్‌ది 0.639, వెస్టిండీస్‌ది 0.626.

2013లో ప్రపంచకప్ ఫైనల్ ఆడిన జట్టు అది. మా అమ్మాయి ఏడ్చింది. కాసేపయ్యాక "ఫాహిమా వాళ్ళు వస్తారు కదా" అని లేచి వెళ్ళి మొహం కడుక్కుంది. పదో తేదీన థాయ్‌లాండ్ మీద వచ్చిన 178 పరుగుల గెలుపు ఆ రాత్రి బంగ్లాదేశ్‌ని కాపాడింది. మొదటి రోజుల మ్యాచ్‌లు కూడా వదలకుండా చూసిన వాళ్ళకే ఆ రాత్రి రుచి పూర్తిగా తెలుస్తుంది, హైలైట్స్‌లో సిక్సులు మాత్రమే కనిపిస్తాయి.

కస్టమర్ కేర్‌కి రాశాను. డబ్బు వెనక్కి అడగలేదు, పాయింట్ల పట్టిక మ్యాచ్ అయిన వెంటనే మార్చండి, నెట్ రన్ రేట్ లెక్క స్క్రీన్ మీద పెట్టండి అని రాశాను. మీ ఇంటర్నెట్ సరిచూసుకోండి అని జవాబు వచ్చింది. రెండోసారి రాస్తే అదే జవాబు అదే అక్షరాలతో.

కానీ ఆ పాస్ వల్ల మాకు దక్కింది ఇంకోటి ఉంది. 2025 అక్టోబర్‌లో ప్రపంచకప్ మ్యాచ్‌లు అయిదు మన వైజాగ్‌లోనే జరిగాయి, అందులో రెండు బంగ్లాదేశ్‌వి. ఇండియా మ్యాచ్‌లకి మా వీధంతా వెళ్ళింది. ఆస్ట్రేలియా మ్యాచ్ రోజునే మన స్టేడియంలో క్రికెటర్లు మిథాలీ రాజ్, రావి కల్పన పేర్లు పెట్టారు, మన ఆంధ్రా అమ్మాయి కల్పన పేరు అక్కడ చదివి మా పిల్ల చాలాసేపు నిలబడింది. మర్నాడు 13న, సోమవారం, బంగ్లాదేశ్, దక్షిణాఫ్రికా. ఈ ప్రపంచకప్‌కి టికెట్లు వంద రూపాయల నుంచే పెట్టారు కాబట్టి మళ్ళీ వెళ్ళడానికి చెయ్యి వెనకాడలేదు. బడిలో పర్మిషన్ అడిగి తీసుకెళ్ళా. మా చుట్టూ చాలా కుర్చీలు ఖాళీ. పక్కన కూర్చున్న కాలేజీ కుర్రాళ్ళకి ఎవరు ఎవరో తెలియదు, మా అమ్మాయి ఒక్కొక్కరిని చూపించి లాహోర్‌లో ఏం చేశారో చెప్తుంటే వాళ్ళు ఫోన్లు జేబులో పెట్టుకుని విన్నారు. షోర్నా అఖ్తర్ 35 బంతుల్లో 51 కొట్టింది, బంగ్లాదేశ్ 232. తర్వాత దక్షిణాఫ్రికాని 78కే అయిదు వికెట్లు తీసి కూర్చోబెట్టారు. ఆ కుర్రాళ్ళు అప్పటికి బంగ్లాదేశ్ అని గొంతు పోయేలా అరుస్తున్నారు. చివర్లో క్యాచ్ చేజారింది, నదీన్ డి క్లెర్క్ మూడు బంతులు మిగిలుండగా పని ముగించింది, మూడు వికెట్లతో ఓటమి. అది కూడా గుండె కోతే. కానీ ఈసారి చక్రం తిరగలేదు, అంతా మా కళ్ళ ముందే.

కాబట్టి నేపాల్ టోర్నీకి పాస్ కొనాలనుకునే వాళ్ళు కొనండి. ఏ యాప్ అయినా డబ్బు కట్టేముందు చూసుకోవాల్సినవి: ఒక్క నెల పాస్ ఉందా లేక ఏడాదికి కట్టిస్తున్నారా, అయిపోయిన మ్యాచ్ పూర్తిగా పెడతారా, స్కోరు దాచుకునే వీలుందా. ఆటోమేటిక్ రెన్యువల్ ఆపేయడం మర్చిపోవద్దు, నేను మర్చిపోతే మే నెలకి కూడా కట్ అయ్యాయి. చివరి రోజు మ్యాచ్ మాత్రం వైఫై ఉన్న ఇంట్లో చూడండి, వీలైతే ఇంకో ఫోన్‌లో డేటా సిద్ధంగా పెట్టుకోండి. యాప్‌కి అయిదుకి రెండున్నర ఇస్తా.

మేము ఇప్పటికే రెండొందల పేజీల కొత్త నోటుబుక్కు తెచ్చుకున్నాం. మా అమ్మాయి పది జట్ల పేర్లూ రాసి గళ్ళు గీసేసింది. థాయ్‌లాండ్ మళ్ళీ ఉంది, ఈసారి వాళ్ళ కోసం మొదటి పేజీ ఉంచింది.