నక్షత్రాలు, రీల్స్, గైడ్లు, కాలినడక: పెద్ద నగరంలో కొత్త చోట్లు వెతకడానికి ఏది మేలు?

పెద్ద నగరంలో చూడదగ్గ కట్టడాల చిట్టా ఎవరైనా ఇస్తారు. ఈ నెలలో అక్కడివాళ్లు ఏ రెస్టారెంటుకు ఎగబడుతున్నారు, ఏ బార్‌లో కూర్చుంటున్నారు, ఏ దుకాణం పేరు చెప్పుకుంటున్నారు అన్నది మాత్రం అంత తేలిగ్గా తెలియదు. తెలుసుకునే దారులు ముఖ్యంగా నాలుగు: ఫోన్ మ్యాపులో జనం ఇచ్చే నక్షత్రాలు, రీల్స్, పేరున్న గైడు పుస్తకాలు, కాళ్లకు పనిచెప్పి మనుషుల్ని అడగడం. వీటిలో ఏదో ఒకటే గొప్పదని వాదించేవాళ్లతో నాకు పేచీ ఉంది. తినడానికి పనికొచ్చే దారి తాగడానికి పనికిరాదు; కొనుగోళ్ల సంగతి ఆ రెండింటికీ వేరు.

భోజనంతో మొదలుపెడదాం. ఇక్కడ నా ఓటు మ్యాపుకే, అయితే పైన కనిపించే సగటు అంకెకు కాదు. ఆ అంకె వెనుక డబ్బుంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన మైకేల్ లూకా 2011లో సియాటిల్ రెస్టారెంట్ల లెక్కలు తీసి, యెల్ప్ అనే సమీక్షల వెబ్‌సైటులో ఒక్క నక్షత్రం పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతోందని తేల్చారు. ఆ లాభం కూడా పెద్ద పెద్ద చైన్ రెస్టారెంట్లకు కాదు, సొంతంగా నడుపుకునేవాటికి. నక్షత్రానికి అంత విలువ ఉన్నప్పుడు దొంగ నక్షత్రాలు పుట్టకుండా ఎలా ఉంటాయి? 2017లో ఊబా బట్లర్ అనే రచయిత లండన్‌లో తాను ఉంటున్న షెడ్డునే రెస్టారెంటుగా ట్రిప్ అడ్వైజర్‌లో నమోదు చేశాడు. వంటకాల ఫొటోల్లో షేవింగ్ క్రీము వాడాడు. ఒక పళ్లెంలో ఉన్నది అతని సొంత మడమ. తెలిసినవాళ్ల చేత సమీక్షలు రాయించాడు. టేబుల్ కావాలని ఫోన్ చేసినవారికి ఖాళీ లేదని చెబుతూ వచ్చాడు. ఖాళీ లేదనేసరికి గిరాకీ ఇంకా పెరిగింది. అదే ఏడాది నవంబరుకు ఆ షెడ్డు లండన్ రెస్టారెంట్లలో మొదటి స్థానానికి ఎక్కింది. అప్పటికి అక్కడ భోజనం చేసినవారు ఒక్కరూ లేరు.

అయినా మ్యాపునే ఎందుకు పట్టుకుంటానంటే, సగటును పక్కనపెట్టి చదవడం తెలిస్తే అందులో దొరికేది చాలా ఉంది. సమీక్షలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకోవాలి. వంటవారు మారిన చోట పాత పొగడ్తలు ఎందుకూ కొరగావు. అయిదు నక్షత్రాలవీ, ఒక్క నక్షత్రానివీ వదిలేసి మూడు ఇచ్చినవారి మాటలు చదవాలి. "రుచి బాగుంది, కానీ గంటసేపు నిలబెట్టారు, పక్క టేబుల్ వాళ్ల మాటలన్నీ మా చెవుల్లోనే" లాంటి వాక్యం పది పొగడ్తల పెట్టు. యజమాని పెట్టిన ఫొటోలు కాక, తిన్నవాళ్లు మసక వెలుతురులో తీసినవి చూడాలి. ఎంత వడ్డిస్తారో, గది ఎంత ఇరుకో అక్కడే తెలుస్తుంది. సమీక్ష రాసినవారి పేరు నొక్కితే చాలాసార్లు ఇంకేం రాశారో కూడా కనిపిస్తుంది. ఒకే వారంలో మూడు నగరాల్లోని దంతవైద్యుణ్ణి, టైర్ల దుకాణాన్ని, ఈ రెస్టారెంటును ఒకే మాటలతో ఆకాశానికెత్తి ఉంటే ఇక వేరే చెప్పనక్కర్లేదు.

రీల్స్ గురించి నా మాట కొంచెం కటువుగానే ఉంటుంది. కెమెరాకు నచ్చేవి రంగు, పొగ, వెలుతురు. రుచి, రొద, బిల్లు, వరుసలో నిలబడ్డ సమయం దానికి చిక్కవు. డబ్బు తీసుకుని తీసిన రీలు అయితే ఆ సంగతి చిన్న అక్షరాల్లో ఉంటే ఉంది, లేకుంటే లేదు. ఒక్క మేలు మాత్రం ఒప్పుకోవాలి: మొన్న తెరిచిన చోటు మ్యాపులో నాలుగు సమీక్షలు కూడగట్టుకునేలోపే రీల్‌లో కనబడుతుంది. పేరు అక్కడ తెలుసుకుని, తీర్పు మాత్రం మరోచోట వెతుక్కోవడం మంచిది.

గైడ్లది దీనికి పూర్తిగా ఎదురు తీరు. మిషెలిన్ గైడును 1900లో ఫ్రాన్స్‌లో ఒక టైర్ల కంపెనీ కారు నడిపేవారి కోసం మొదలుపెట్టింది. మంచి రెస్టారెంట్లకు అది ఇచ్చే నక్షత్రాలు 1926లో వచ్చాయి. ఇన్‌స్పెక్టర్లు తామెవరో చెప్పకుండా వెళ్లి తింటారు, బిల్లు కంపెనీ కడుతుంది. అందుకే అది నమ్మదగ్గది, అందుకే నిదానం కూడా. పరీక్షకు నిలిచినదాన్నే గైడు చెబుతుంది గనుక, నిన్న తెరిచినదాని గురించి దాన్ని అడిగి లాభం లేదు. చేతిలో ఒక్క సాయంత్రమే ఉండి, అది చెడకూడదనుకుంటే మాత్రం గైడునే నమ్ముకోండి.

బార్ల దగ్గర మ్యాపు చతికిలబడుతుంది. ఒకే బార్‌కు శుక్రవారం రాత్రి ఒక ముఖం, మంగళవారం మరో ముఖం. సగటు అంకెలో రెండూ కలిసిపోతాయి. పైగా కొన్ని బార్లు కావాలనే కనబడకుండా ఉంటాయి. సాషా పెట్రాస్కీ 1999 చివరి రోజున న్యూయార్క్‌లో తెరిచిన 'మిల్క్ అండ్ హనీ'కి బోర్డు ఉండేది కాదు, ఫోన్ నంబరూ బయటపెట్టేవారు కాదు; ఆ బార్ ఇప్పుడు లేదు. అదే నగరంలో 2007లో వచ్చిన 'ప్లీజ్ డోంట్ టెల్' లోపలికి దారి ఒక హాట్‌డాగ్ దుకాణంలోని టెలిఫోన్ బూత్ గుండా ఉంటుంది. ఇలాంటివి నోటిమాట మీదే మొదలవుతాయి. అడగవలసింది కౌంటర్ వెనుక గ్లాసులు కడిగేవారిని, అదీ రద్దీ వేళ కాకుండా తలుపులు తీసిన కాసేపటికి. "ఇక్కడ మంచి బార్ ఏది?" అని అడిగితే పర్యాటకులకు చెప్పే పేరే చెబుతారు. "మీకు సెలవైతే మీరు ఎక్కడ కూర్చుంటారు?" అంటే ఒక్క క్షణం ఆలోచిస్తారు. ఆ ఆలోచించి చెప్పిన పేరే మీకు కావలసింది.

ఇక దుకాణాలు. వీటికి నక్షత్రాలు దాదాపు దండగ. సమీక్షల్లో సగం పార్కింగ్ గురించి, మిగతా సగం సరుకు వాపసు తీసుకోలేదన్న గొడవ. లోపల ఏముందో చెప్పేవారు అరుదు. ఇక్కడ కాలినడకకు పోటీ లేదు. కొత్తగా మొదలుపెట్టిన చిన్న వ్యాపారి ప్రధాన వీధి అద్దె భరించలేడు, ఒకటి రెండు సందులు లోపలికి జరుగుతాడు. ఒకరు కుదురుకుంటే పక్కన మరొకరు చేరతారు. తాళాలు బాగుచేసే పాత కొట్టుకూ ఇస్త్రీ దుకాణానికీ మధ్య కొత్త అద్దాల తలుపు కనిపించిందంటే ఆ సందు ఇప్పుడే మారుతోందన్నమాట. వరుసగా అన్నీ అద్దాల తలుపులే అయితే మీరు ఆలస్యంగా వచ్చారు. యజమానే కౌంటర్‌లో కూర్చున్న దుకాణం దొరికితే, గోడకు వేలాడుతున్న సంచి ఎవరు కుట్టారని అడగండి. కుట్టినవారి పేరు, వారు పనిచేసే చోటు రెండూ చెబుతారు. ఆ రెండో చోటు చాలాసార్లు ఏ మ్యాపులోనూ ఉండదు.